మట్టిలో దొరికిన బ్యాక్టీరియా కొత్త జాతేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీకో మట్టి శాంపిల్‌తో పని మొదలుపెట్టినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. రైతులు అడిగేవి కూడా కొన్ని ఉన్నాయి. కంప్యూటర్ తెర మీద పోలిక శాతం అనే ఒక్క అంకె చూసి "కొత్త జాతి దొరికింది" అనేవాళ్లున్నారు. అదే అంకె చూసి మంచి కల్చర్‌ను (ల్యాబులో పెంచిన బ్యాక్టీరియాను) పక్కన పడేసేవాళ్లూ ఉన్నారు. ఆ రెండూ జరగకూడదని ఈ జవాబులు రాశాను.

కొత్త జాతి అంటే నిన్నమొన్న పుట్టినదా?

కాదు. అది ఆ మట్టిలో ఎన్నో వేల ఏళ్లుగా ఉండి ఉంటుంది. దాన్ని ఇంతవరకు ఎవరూ విడిగా తీసి, వర్ణించి, నియమాల ప్రకారం పేరు పెట్టలేదు, అంతే. ఒక గ్రాము మట్టిలో వంద కోట్ల వరకు బ్యాక్టీరియా కణాలు, వేల రకాలు ఉండొచ్చు. ప్రపంచం మొత్తం మీద సక్రమంగా పేరు పొందిన బ్యాక్టీరియా, ఆర్కియా (బ్యాక్టీరియాలా కనిపించే వేరే వంశపు సూక్ష్మజీవులు) జాతులేమో 20 వేల పైచిలుకు మాత్రమే. కాబట్టి పేరు లేని బ్యాక్టీరియా చేతికి తగలడం వింతేమీ కాదు. అది దేనికి దగ్గరి చుట్టమో, ఆ చుట్టం నుంచి ఎంత దూరం జరిగిందో, మరొకరు మళ్లీ పరీక్షించి చూసుకోగలిగేలా చూపించడమే కష్టమైన పని.

బ్యాక్టీరియాలో జాతి అని దేన్ని అంటారు?

కలిసి సంతానం కనగలిగితే ఒకే జాతి అని జంతువుల గురించి బడిలో చదువుకున్నాం. బ్యాక్టీరియాకు ఆ కొలత పనికిరాదు. కణం రెండుగా చీలి పెరుగుతుంది. పైగా అసలు చుట్టరికమే లేని బ్యాక్టీరియా నుంచి కూడా జన్యువులు తెచ్చుకుంటుంది.

అందుకని ఇక్కడ వేరే ఏర్పాటు ఉంది. ల్యాబులో విడిగా తీసి పెంచిన ఒక్కో వంశాన్ని స్ట్రెయిన్ అంటారు. ప్రతి జాతికీ ఒక టైప్ స్ట్రెయిన్ ఉంటుంది. అది కల్చర్ బ్యాంకులో ప్రాణంతో ఉన్న కల్చర్. జాతి పేరు దానికి కట్టి ఉంటుంది. మీ బ్యాక్టీరియా ఆ టైప్ స్ట్రెయిన్‌కు తగినంత దగ్గరగా ఉంటే అది ఆ జాతే. పేరున్న ఏ టైప్ స్ట్రెయిన్‌కూ అంత దగ్గరగా లేకపోతే కొత్త జాతి అని ప్రతిపాదించవచ్చు. ఈ పేజీలో ఇంకేం మరిచిపోయినా పరవాలేదు, పోలిక ఎప్పుడూ టైప్ స్ట్రెయిన్‌తోనే అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మన ప్రాంతపు మట్టిలో దొరికిన ఉదాహరణ ఏదైనా ఉందా?

ఉంది. విద్యార్థులకు నేను మొదట చెప్పేది కూడా అదే. ఆంధ్రప్రదేశ్‌లో నీళ్లు నిలిచిన ఒక వరి మడి మట్టి నుంచి తీసిన బ్యాక్టీరియాకు 2006లో రూబ్రివైవాక్స్ బెంజోయేటిలిటికస్ అని పేరు పెట్టారు. ఈ పని చేసిన బృందంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన చింతలపాటి వెంకట రమణ, జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు చెందిన చింతలపాటి శశికళ ఉన్నారు. వెలుతురుతో బతికే ఊదా బ్యాక్టీరియా మీద ఏళ్ల తరబడి పనిచేసి, వీళ్ల బృందాలు చాలా కొత్త జాతులను వర్ణించాయి.

వాళ్లు మట్టిని తెచ్చి ఊరికే ప్లేటు మీద పరచలేదు. గాలి తగలకుండా, వెలుతురులో ఉంచి, తిండిగా బెంజోయేట్ అనే రసాయనం ఇచ్చారు. ఆ మూడు షరతులకూ తట్టుకోగలిగినవే పెరుగుతాయి. అలా గోధుమరంగు బ్యాక్టీరియా ఒకటి పైకి వచ్చింది. దానికి జేఏ2 అని నంబరు వేశారు. చుట్టరికం తేల్చడానికి వాడే 16ఎస్ అనే జన్యువును దానిలో చూస్తే రూబ్రివైవాక్స్ జెలాటినోసస్‌తో 99 శాతం కలిసింది.

ఇక్కడితో ఆగి ఉంటే అది జెలాటినోసస్ అని రాసేసి ఫైలు మూసేసేవారు. వాళ్లు ఆగలేదు. రెండింటి మొత్తం డీఎన్‌ఏను పోల్చారు, శరీరధర్మాలను పక్కపక్కన పెట్టి చూశారు. డీఎన్‌ఏ పోలిక, ఒకే జాతి అనడానికి పెట్టుకున్న గీతకు చాలా దిగువన ఉంది. అప్పుడే కొత్త జాతి అన్నారు. టైప్ స్ట్రెయిన్‌ను మన చండీగఢ్‌తో పాటు అమెరికా, జపాన్ కల్చర్ బ్యాంకుల్లో కూడా పెట్టారు. 99 శాతం కలిసినా జాతి వేరు కావచ్చని ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు.

మట్టి శాంపిల్ ఎలా తీయాలి?

పైన ఆకులు, చెత్త తీసేసి, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు నుంచి, నాలుగైదు చోట్ల తీసి కలపండి. స్టెరైల్ సంచిలో వేసి, ఐస్‌బాక్సులో తెచ్చి, ఒకటి రెండు రోజుల్లో పని మొదలుపెట్టండి. తేదీ, అక్షాంశ రేఖాంశాలు, పంట, మట్టి పీహెచ్, ఈ మధ్య వేసిన ఎరువు, కొట్టిన మందు అన్నీ అక్కడికక్కడే రాసుకోండి. కొత్త జాతి వర్ణనలో అది ఎక్కడ దొరికిందో రాయాల్సి వస్తుంది. "హైదరాబాద్ దగ్గర మట్టి" అని రాస్తే ఎవరికీ పనికిరాదు.

ఇంట్లో ప్లేట్లు పోసి చూడొచ్చా?

వద్దు. మట్టిలో ఉన్నవన్నీ మనకు మేలు చేసేవి కావు. మెలియాయిడోసిస్ అనే ప్రాణాంతక జ్వరం తెచ్చే బర్కోల్డేరియా సూడోమాలీ తడి నేలల్లో, వరి మళ్లలో ఉంటుంది. దక్షిణ భారతంలో ఆ కేసులు వస్తున్నాయి. మధుమేహం ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. ఆంథ్రాక్స్ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రపోయే రూపాలు) కూడా మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. పేరు తెలియని కల్చర్ మూత తీసి వాసన చూడటం ల్యాబులో కూడా కూడదు. ఇంట్లో ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) ఉండదు, సేఫ్టీ క్యాబినెట్ ఉండదు, పెరిగినదాన్ని చంపి పారేసే దారి ఉండదు. ఆసక్తి ఉంటే దగ్గర్లోని కాలేజీ మైక్రోబయాలజీ విభాగానికి వెళ్లి అడగండి.

ఏ మీడియం వాడాలి? నాకు ఎప్పుడూ బాసిల్లస్, సూడోమోనాస్ మాత్రమే వస్తున్నాయి.

మీడియం అంటే బ్యాక్టీరియా పెరగడానికి పెట్టే తిండి. న్యూట్రియంట్ అగర్ మీద, ఒక్క రాత్రి పెంచి, మర్నాడు పొద్దున్నే పెద్ద కాలనీలు (ఒకచోట గుంపుగా పెరిగిన చుక్కలు) ఏరుకుంటే అవే వస్తాయి. బాగా తిండి పెట్టిన చోట వేగంగా పెరిగేవి మిగతావాటిని తొక్కేస్తాయి. మట్టి బ్యాక్టీరియాలో చాలా వాటికి అంత తిండి అలవాటు లేదు. ఆర్2ఏ లాంటి పలుచని మీడియం వాడండి. లేదా న్యూట్రియంట్ అగర్‌నే పదో వంతుకు, వందో వంతుకు పలచన చేయండి. మీరు తెచ్చిన మట్టినే నీళ్లలో వేసి ఆటోక్లేవ్ చేసి, వడకట్టి, ఆ రసంతో అగర్ పోయడం పాత పద్ధతే. ఇప్పటికీ బాగా పనిచేస్తుంది.

రెండోది ఓపిక. 28 నుంచి 30 డిగ్రీల దగ్గర ప్లేట్లు ఆరిపోకుండా పారాఫిల్మ్ చుట్టి వారాల తరబడి ఉంచండి. మొదటి వారంలో వచ్చిన కాలనీల కింద ప్లేటు వెనక మార్కర్‌తో చుక్క పెట్టండి. రెండో వారంలో, నాలుగో వారంలో కొత్తగా కనిపించిన చిన్న చిన్న కాలనీల మీదే మీ దృష్టి ఉండాలి. కొత్త జాతులు ఎక్కువగా అక్కడే దొరుకుతాయన్నది నా గట్టి నమ్మకం.

వెతికేదాన్ని బట్టి మిగతా షరతులు మార్చుకోవచ్చు. స్పోర్లు కట్టేవి కావాలంటే మట్టి ద్రావణాన్ని 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేస్తారు. ఆక్టినోమైసీట్ల (బూజులా పోగులు వేసే బ్యాక్టీరియా) కోసం స్టార్చ్ కేసీన్ అగర్, బూజు రాకుండా సైక్లోహెక్సిమైడ్ వాడతారు. గాలిలోని నత్రజనిని పట్టే అజోటోబాక్టర్ కావాలంటే నత్రజని లేని మీడియం పోస్తారు. జేఏ2 కథలో బెంజోయేట్ చేసిన పని ఇదే.

ఒక్క కాలనీ తీస్తే అది ప్యూర్ కల్చరే కదా?

చాలాసార్లు కాదు. ఒకే రకం బ్యాక్టీరియా ఉంటేనే అది ప్యూర్. జిగురుగా ఉండే కాలనీల్లో మరొకటి దాక్కుని ఉంటుంది. ఒక్క కాలనీని తీసి మళ్లీ స్ట్రీక్ చేయడం (కొత్త ప్లేటు మీద గీతలుగా రాయడం) కనీసం మూడుసార్లు జరగాలి, ప్రతిసారీ మైక్రోస్కోపులో చూడాలి. ప్యూర్ అని తేలిన రోజే 20 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ఇక్కడ తొందరపడితే ఆ నష్టం జీనోమ్ సీక్వెన్స్ (మొత్తం డీఎన్‌ఏ అక్షరాల వరుస) వచ్చాక బయటపడుతుంది. రెండు బ్యాక్టీరియాల జన్యువులు కలిసిపోయి ఉంటాయి. అప్పటికి డబ్బు, నెలలు రెండూ పోతాయి.

గ్రామ్ స్టెయిన్, బయోకెమికల్ టెస్టులతో జాతి చెప్పలేమా?

ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) దాకా ఊహించవచ్చు, అది కూడా ఒక్కోసారి. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో చెప్పిన రంగు పరీక్ష ఇప్పటికీ మొదటి మెట్టే. కానీ మైక్రోస్కోపులో కడ్డీలా కనిపించే బ్యాక్టీరియా జాతులు వేలల్లో ఉన్నాయి. ఆసుపత్రుల్లో ప్రొటీన్లను చూసి బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే మాల్డీ టాఫ్ యంత్రం కూడా మట్టి బ్యాక్టీరియా దగ్గర తరచుగా తడబడుతుంది. దాని డేటాబేస్‌లో ఎక్కువగా రోగకారకాలే ఉంటాయి. యంత్రానికి పేరు తెలియకపోయినంత మాత్రాన అది కొత్త జాతి అయిపోదు.

అందరూ 16ఎస్ జన్యువునే ఎందుకు చూస్తారు?

ప్రతి బ్యాక్టీరియాలోనూ ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు ఉంటాయి. వాటి చిన్న భాగంలోని ఆర్‌ఎన్‌ఏ 16ఎస్. దాని జన్యువు పొడవు సుమారు 1,500 అక్షరాలు. కొన్ని చోట్ల అది అసలు మారదు కాబట్టి ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కల ఒకే జతతో దాదాపు అన్ని బ్యాక్టీరియాల నుంచి ఆ జన్యువు నకళ్లు తీయొచ్చు (పీసీఆర్). మట్టి ల్యాబుల్లో ఎక్కువగా వాడేది 27ఎఫ్, 1492ఆర్ జత. మిగతా చోట్ల నెమ్మదిగా మారుతుంది కాబట్టి చుట్టరికం తెలుస్తుంది. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ ఈ అణువును పోల్చే ఆర్కియా అనేవి వేరే వంశమని చూపించారు. అంతకుముందు వాటిని బ్యాక్టీరియాలోనే కలిపేసేవారు.

ఒక జాగ్రత్త. ఒక్క ప్రైమర్‌తో వచ్చిన 700 అక్షరాల ముక్కతో కొత్త జాతి గురించి మాట్లాడకండి. రెండు వైపుల నుంచీ చదివించి, చివర్లలో సరిగా రాని భాగం కోసేసి, 1,400 అక్షరాలకు అటూఇటూగా ఉన్న సీక్వెన్స్ చేతిలో పెట్టుకోండి.

బ్లాస్ట్‌లో "అన్‌కల్చర్డ్ బ్యాక్టీరియం"తో 100 శాతం కలిసింది. అంటే ఏమిటి?

బ్లాస్ట్ అంటే మీ సీక్వెన్సును పబ్లిక్ డేటాబేస్‌తో పోల్చే టూల్. మీదానికి సరిపోయే సీక్వెన్సును ఎవరో మట్టి డీఎన్‌ఏలో చూశారు, కానీ ఆ బ్యాక్టీరియాను పెంచలేదు. అది మంచి వార్తే కావచ్చు. వర్గీకరణకు మాత్రం ఆ ఫలితం అక్కరకు రాదు. ఎవరో పెట్టిన తప్పు లేబుళ్లు కూడా సాధారణ బ్లాస్ట్ ఫలితాల్లో కనిపిస్తాయి. కొరియావాళ్ల ఈజీబయోక్లౌడ్ అనే డేటాబేస్‌లో వెతికితే టైప్ స్ట్రెయిన్లతో పోలిక వస్తుంది. పేర్ల విషయంలో అనుమానం వస్తే ఎల్‌పీఎస్‌ఎన్ అనే జాబితా చూడండి. ఏ పేరు చెల్లుతుంది, ఏది పాతబడింది, టైప్ స్ట్రెయిన్ నంబర్లేమిటి అన్నీ అందులో ఉంటాయి.

నాకు 99.2 శాతం వచ్చింది. ఇక కొత్త జాతి కాదు కదా? మా ఫ్రెండ్‌కు 97.8 వచ్చింది, వాడిది కొత్తదేనా?

ఈ ప్రశ్న వచ్చినంతగా మరేదీ రాదు, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఒకే జాతి అనడానికి 16ఎస్ పోలికలో 1994 నుంచి చాలాకాలం 97 శాతాన్ని గీతగా వాడారు. 2006లో ఆ గీతను 98.7 దగ్గరికి జరపాలన్నారు. 2014లో వేల జీనోములను పోల్చి 98.65 అన్నారు. ఈ గీత పనిచేసేది ఒక్క వైపే. పోలిక దానికంటే తక్కువగా ఉంటే, సీక్వెన్స్ శుభ్రంగా ఉంటే, మీ ఫ్రెండ్‌ది కొత్త జాతి అయ్యే అవకాశం బాగా ఎక్కువ. పోలిక దానికంటే ఎక్కువగా ఉంటే మాత్రం ఏమీ తేలదు. మీది అదే జాతి కావచ్చు, వేరేదీ కావచ్చు. బాసిల్లస్ సీరియస్, బాసిల్లస్ ఆంథ్రాసిస్, పంటకు పురుగు మందుగా వాడే బాసిల్లస్ తురింజియెన్సిస్, ఈ మూడింటి 16ఎస్ 99 శాతానికి పైగా కలుస్తుంది. ఒకటి పురుగును చంపుతుంది, ఒకటి పశువునూ మనిషినీ చంపుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఈ జన్యువు చాలా బ్యాక్టీరియాలలో ఒకటికంటే ఎక్కువ ప్రతుల్లో ఉంటుంది. ఈ. కోలైలో ఏడు ఉన్నాయి. ఒకే కణంలోని ప్రతుల మధ్య చిన్న తేడాలు ఉండొచ్చు. కాబట్టి 98.6కూ 98.7కూ మధ్య కూర్చుని టెన్షన్ పడటం అనవసరం. మీ 99.2ను పక్కన పెట్టకండి. జీనోమ్ చదివించండి.

జీనోమ్ చదివించాక ఏం చూడాలి?

పాత రోజుల్లో రెండు బ్యాక్టీరియాల డీఎన్‌ఏను వేడితో విడదీసి, ఒకదానితో ఒకటి ఎంత అతుక్కుంటుందో కొలిచేవారు. దీని పొట్టి పేరు డీడీహెచ్. 70 శాతం, అంతకంటే ఎక్కువ అతుక్కుంటే ఒకే జాతి అని 1987లో ఒక నిపుణుల సంఘం గీత గీసింది. జేఏ2ను వేరు చేసింది ఈ పరీక్షే. చేయడం కష్టం, ఒక ల్యాబ్ అంకె ఇంకో ల్యాబ్‌లో రాదు.

ఇప్పుడు అదే పోలికను జీనోముల మీద కంప్యూటర్‌తో చేస్తాం. రెండు జీనోముల్లో ఉమ్మడిగా ఉన్న భాగాల్లో సగటున ఎన్ని అక్షరాలు కలుస్తున్నాయో చెప్పేది ఏఎన్‌ఐ. అది 95 నుంచి 96 శాతానికి దిగువన ఉంటే వేరే జాతి. పాత 70 శాతానికి ఇది సరిపోతుందని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. డిజిటల్ డీడీహెచ్ అనే లెక్కలో అదే 70 గీత కొనసాగుతోంది. జర్మనీలోని డీఎస్‌ఎంజెడ్ నడిపే ఉచిత సర్వర్‌కు మీ జీనోమ్ పంపితే దగ్గరి టైప్ స్ట్రెయిన్లన్నిటితో పోల్చి చెబుతుంది.

పోల్చే ముందు జీనోమ్ శుభ్రంగా ఉందో లేదో చూడండి. ఇంకో బ్యాక్టీరియా కలిసిందా, జీనోమ్ ఎంత శాతం పూర్తయింది అని చెప్పే చెక్ఎం లాంటి టూల్స్ ఉన్నాయి. జీ, సీ అక్షరాల శాతం కూడా చూడండి. ఒకే జాతిలో ఆ తేడా ఒక శాతం దాటదు. ఏఎన్‌ఐ 95.4 లాంటి చోట వస్తే నేనైతే కొత్త జాతి అనడానికి తొందరపడను. అలాంటప్పుడు అదే జాతికి చెందిన ఇతర స్ట్రెయిన్ల జీనోములు కూడా తెచ్చి, వంశవృక్షం గీసి, మీది ఆ గుంపు మధ్యలో పడుతోందా, బయట నిలబడుతోందా చూడాలి.

జీనోమ్ ఉన్నాక కొవ్వు ఆమ్లాలు, క్వినోన్లు కూడా కొలవాలా?

కొత్త జాతి వర్ణనలో ఇప్పటికీ అడుగుతారు. కణపు పొరలోని కొవ్వు ఆమ్లాలు, పోలార్ లిపిడ్లు, శ్వాసక్రియలో పనిచేసే క్వినోన్లు, గోడలోని డయామినోపిమెలిక్ ఆమ్లం ఏ రూపంలో ఉంది లాంటివి ప్రజాతి స్థాయిలో బాగా ఉపయోగపడతాయి. ఉదాహరణకు స్ట్రెప్టోమైసిస్ గోడలో ఎల్ఎల్ రూపం ఉంటుంది, నోకార్డియాలో మీసో రూపం. జాతి స్థాయిలో వీటి బలం తక్కువ. పెంచిన మీడియం, ఉష్ణోగ్రత మారితే కొవ్వు ఆమ్లాల శాతాలు మారిపోతాయి. అందుకే దగ్గరి టైప్ స్ట్రెయిన్‌ను కల్చర్ బ్యాంకు నుంచి తెప్పించి, మీ దానితోపాటు ఒకే రోజు, ఒకే మీడియంలో పెంచి కొలవాలి. వేరేవాళ్ల పాత పేపర్లోని అంకెలతో మీ అంకెలు పోల్చి "తేడా ఉంది" అని రాస్తే రివ్యూయర్ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

కొత్త ప్రజాతి అని ఎప్పుడు అంటారు?

16ఎస్ పోలిక సుమారు 94.5 శాతానికి దిగువన ఉంటే ఆలోచించవచ్చు. నిర్ణయం మాత్రం జీనోముల చెట్టులో మీది ఎక్కడ నిలుస్తుందో చూసి చేయాలి. ప్రజాతులకు ఏఎన్‌ఐ లాంటి ఒకే గీత అందరికీ ఒప్పుదల కాలేదు.

పేరు ఎలా పెడతారు? మా ఊరి పేరు పెట్టొచ్చా?

నిక్షేపంగా పెట్టొచ్చు. మన తెలుగువాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత వచ్చినట్టే ఇక్కడా ప్రజాతి ముందు, జాతి తర్వాత. రెండూ లాటిన్ వ్యాకరణానికి లొంగాలి. ప్రజాతి పేరు లింగాన్ని బట్టి జాతి పేరు చివర మారుతుంది. పశ్చిమ బెంగాల్‌లో ఆర్సెనిక్ కలిసిన భూగర్భ జలాల పొర నుంచి వచ్చి 2004లో పేరు పొందింది బాసిల్లస్ ఇండికస్. మారిక్రొమేటియం అనే ప్రజాతి పేరు నపుంసకలింగం కాబట్టి అదే మాట అక్కడ మారిక్రొమేటియం ఇండికమ్ అయింది.

మన ఊళ్ల పేర్లు ఇప్పటికే ఈ జాబితాలో ఉన్నాయి. భీమిలి దగ్గరి ఉప్పునీటి ఆక్వా చెరువులో దొరికిన ఊదా బ్యాక్టీరియా మారిక్రొమేటియం భీమ్లికమ్. విశాఖ తీరపు నీళ్లలో దొరికినది రోడోవులమ్ విశాఖపట్నమెన్స్. ఇవి మట్టివి కావు గానీ పేరు పెట్టే తీరు తెలుస్తుంది. గురువు పేరో, ఓ శాస్త్రవేత్త పేరో పెట్టొచ్చు. ఎవరి పేరు వాళ్లే పెట్టుకోవడం మాత్రం మర్యాద కాదు. నియమావళి కూడా వద్దంటుంది.

కల్చర్‌ను ఎక్కడ దాచాలి? చట్టం ఏమంటుంది?

కనీసం రెండు వేర్వేరు దేశాల్లోని పబ్లిక్ కల్చర్ బ్యాంకుల్లో టైప్ స్ట్రెయిన్ ఉండాలి. ఎవరడిగినా అది దొరకాలి. మన దేశంలో చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని ఎంసీసీ ఎక్కువమంది వాడేవి. బయట జర్మనీ డీఎస్‌ఎంజెడ్, జపాన్ జేసీఎం, కొరియా కేసీటీసీ, బెల్జియం ఎల్‌ఎంజీ ఉన్నాయి. డిపాజిట్ చేశాక సర్టిఫికెట్ ఇస్తారు. అది లేకుండా పేపరు ముందుకు కదలదు.

ఇక చట్టం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం దేశంలో దొరికిన కొత్త జాతి సంగతిని ప్రభుత్వం గుర్తించిన నిక్షేప కేంద్రానికి తెలియజేసి, నమూనా అక్కడ పెట్టాలి. 39వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. విదేశీ బ్యాంకుకు పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు చూసుకోవాలి. ఫారాలు మారుతుంటాయి కాబట్టి వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్నవే నింపండి. చాలామంది ఈ పనిని పేపరు రాశాక మొదలుపెట్టి నెలల తరబడి ఇరుక్కుపోతారు. జీనోమ్ సీక్వెన్సింగ్‌కు పంపిన రోజే ఈ కాగితాలు కూడా మొదలుపెట్టండి.

ఏ జర్నల్‌లో వేసినా పేరు చెల్లుతుందా?

చెల్లదు. ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ సిస్టమాటిక్ అండ్ ఎవల్యూషనరీ మైక్రోబయాలజీలో నేరుగా వేస్తే చెల్లుతుంది. వేరే జర్నల్‌లో వేస్తే ఆ పేపరును, డిపాజిట్ సర్టిఫికెట్లను ఈ జర్నల్‌కు పంపాలి. వాళ్ల వాలిడేషన్ జాబితాలో వచ్చిన రోజు నుంచే ఆ పేరుకు గుర్తింపు. పత్రికల్లో "మన శాస్త్రవేత్తలు కొత్త బ్యాక్టీరియా కనుగొన్నారు" అని వార్త వచ్చినా ఆ జాబితాలో లేకపోతే పేరు గాల్లోనే ఉన్నట్టు. ఈ పద్ధతి 1980 జనవరి 1న కొత్తగా మొదలైంది. అప్పటిదాకా పోగైన వేలాది పేర్లను జల్లెడపట్టి, సుమారు 2,300 పేర్లతో ఆమోదిత జాబితా ప్రకటించారు.

ల్యాబులో పెరగని బ్యాక్టీరియా సంగతి?

మట్టిలో ఎక్కువ భాగం అవే. మట్టి డీఎన్‌ఏను నేరుగా చదివి వాటి జీనోములను కూర్చవచ్చు. అలాంటివాటికి చాలాకాలంగా క్యాండిడేటస్ అనే తాత్కాలిక హోదాతో పేరు పెడుతున్నారు. 2022లో సీక్‌కోడ్ అనే వేరే నియమావళి వచ్చింది. అందులో జీనోమ్ సీక్వెన్సే టైప్‌గా చెల్లుతుంది, ప్రాణమున్న కల్చర్ అక్కర్లేదు. అందరూ దీన్ని ఒప్పుకోలేదు. పెరగనివాటికి పేర్లు కావాలి, నిజమే. కానీ పెంచగలిగే అవకాశమున్నదాన్ని జీనోమ్‌తో సరిపెట్టేయడం నాకు నచ్చదు. కల్చర్ ఉంటేనే తర్వాతివాళ్లు దానితో కొత్త ప్రయోగం చేయగలరు.

పెంచే దారులు కూడా పెరుగుతున్నాయి. అమెరికాలో ఐచిప్ అనే చిన్న పరికరంలో ఒక్కో కణాన్ని ఒక్కో గదిలో పెట్టి, దాన్ని తిరిగి మట్టిలోనే పాతిపెట్టి పెంచారు. అలా దొరికిన ఎలెఫ్తీరియా టెర్రే నుంచి టీక్సోబాక్టిన్ అనే కొత్త యాంటీబయోటిక్ వచ్చిందని 2015లో ప్రకటించారు.

పెట్టిన పేరు తర్వాత మారిపోతుందా?

మారుతుంది. హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ స్ట్రాటోస్ఫియర్‌లో సేకరించిన గాలిలో మూడు కొత్త జాతులు దొరికాయని 2009లో ప్రకటించారు. వాటిలో ఒకటి బాసిల్లస్ ఆర్యభట్టై. ఆ తర్వాత అదే పేరుతో చాలా దేశాల్లో మట్టి నుంచి, మొక్కల వేళ్ల నుంచి స్ట్రెయిన్లు వచ్చాయి. జీనోములు పోల్చిన పరిశోధకులు 2019లో అది ఎప్పటినుంచో తెలిసిన బాసిల్లస్ మెగాటీరియమే అని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది మెగాటీరియం గుంపునే బాసిల్లస్ నుంచి తీసి ప్రీస్టియా అనే కొత్త ప్రజాతిలో పెట్టారు. 2009లో వాళ్లు అప్పటి పద్ధతులతో సరిగానే పనిచేశారు. కల్చర్ బ్యాంకులో ఆ స్ట్రెయిన్ ప్రాణంతో ఉండబట్టే పదేళ్ల తర్వాత ఇంకొకరు దాన్ని మళ్లీ చూడగలిగారు.

నేను రైతును. మా పొలంలో కొత్త జాతి దొరికితే జీవన ఎరువుగా వాడొచ్చా?

కొత్తదైనంత మాత్రాన పంటకు పనికొస్తుందని అనుకోకండి. వర్గీకరణ దాని చుట్టరికం చెబుతుంది, దిగుబడి గురించి చెప్పదు. ల్యాబ్ ప్లేటు మీద ఫాస్ఫేట్ కరిగించిన బ్యాక్టీరియా పొలంలో వేళ్ల దగ్గర నిలదొక్కుకోలేకపోవచ్చు. కుండీల్లో, తర్వాత పొలాల్లో, ఒకటికంటే ఎక్కువ సీజన్లు చూడాలి. మన దగ్గర జీవన ఎరువులు అమ్మాలంటే ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు రావాలి. వేరుశనగకు వేసే రైజోబియం, అజోస్పిరిల్లమ్, అజోటోబాక్టర్, ఫాస్ఫేట్ కరిగించేవి ఆ దారిలో వచ్చినవే. మీ పొలం మట్టిని పరిశోధనకు ఇచ్చేటప్పుడు ఎవరికి ఇస్తున్నారో, ఎందుకో కాగితం మీద రాయించుకోండి.

మట్టి బ్యాక్టీరియా నుంచి మందులు వస్తాయంటారు, నిజమేనా?

నిజం, అందులో మన తెలుగువాడి పేరు కూడా ఉంది. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయోటిక్ 1943లో మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ గ్రిసియస్ నుంచి వచ్చింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనకు డైరెక్టరుగా ఉన్నప్పుడు, అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరి విశ్వవిద్యాలయ పొలం మట్టి నుంచి వచ్చిన బంగారు రంగు బ్యాక్టీరియాలో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను కనుగొన్నాడు. 1948లో దాన్ని ప్రపంచానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. ఆ బ్యాక్టీరియాకు డగ్గర్ పెట్టిన పేరు స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. ఇప్పుడు దాన్ని కిటసటోస్పోరా ప్రజాతిలో చేర్చారు.

ఇంత చేశాక కొత్త జాతి కాదని తేలితే పని వృథాయేనా?

కాదు. పేరున్న జాతుల్లో చాలావాటికి ప్రపంచం మొత్తంలో ఒక్కటంటే ఒక్క స్ట్రెయినే ఉంది. ఆ జాతిలో ఏది మారుతుందో, ఏది మారదో ఒక్కదాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. మీది అలాంటి జాతికి రెండో స్ట్రెయిన్ అయితే దాని విలువ చాలా ఎక్కువ. జీనోమ్‌ను పబ్లిక్ డేటాబేస్‌లో పెట్టండి, కల్చర్‌ను ఎంటీసీసీకో ఎంసీసీకో ఇవ్వండి. మట్టి తీసిన చోటు, తేదీ, మీడియం, ఎన్నో రోజున కాలనీ కనిపించిందో కూడా దానితోపాటే రాసి పంపండి.